రెండణాల టికెట్టు, రెండో గుడ్డు

జీతమూ నిర్బంధమూ లేకుండా, ఇష్టపడి ఒక పని బాధ్యతను తలకెత్తుకోవడమే స్వచ్ఛంద సేవ అని స్థూలంగా చెప్పుకోవచ్చు. అది చేసినవారికి ఏం నేర్పుతుందని అడిగితే జాలి, త్యాగం, తృప్తి అనే జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి గనుక, వాటిని పక్కన పెట్టి, శాస్త్రగ్రంథాల పద్ధతిలో పూర్వపక్షాన్ని, అంటే ఎదుటి వాదాన్ని, ముందు వినిపించి ఆపైన సమాధానం వెతకడం మేలు. ఇక్కడ పూర్వపక్షం రాజమహేంద్రవరంలో డిగ్రీ చదివే ఒక విద్యార్థినిది, సమాధానం ఉద్యోగ విరమణ చేసిన ఒక మాస్టారిది. ఇద్దరూ కల్పిత పాత్రలే.

విద్యార్థిని: మాస్టారూ, జాతీయ సేవా పథకంలో చేరినవారు రెండేళ్లలో 240 గంటలు పనిచేసి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి వెళ్లి, చివరికి ధ్రువపత్రం అందుకుంటారు. గంటలు లెక్కకట్టి కాగితం చేతిలో పెట్టే పనికి స్వచ్ఛందమన్న పేరు ఎలా నప్పుతుంది?

మాస్టారు: ఎందుకు చేరారన్నది గుమ్మం దగ్గరి ప్రశ్నమ్మా, చేరాక ఆ పని మనిషిని ఏం చేసిందన్నది అసలు ప్రశ్న. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర కాపలా ఉన్న పద్నాలుగేళ్ల స్వచ్ఛంద సేవకురాలు, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు పరుగున వచ్చి మందలించినా, తనకు అప్పగించిన పని ఇదేనని పట్టు వదలకపోవడంతో, వారు రెండణాల టికెట్టు కొనిచ్చాకే నెహ్రూ లోపలికి వెళ్లారు. రాజమండ్రిలో పుట్టిన ఆ పిల్లే తరవాత దుర్గాబాయి దేశ్‌ముఖ్.

విద్యార్థిని: జీతానికి పెట్టుకున్న కాపలావాడైనా అదే చేస్తాడు కదా!

మాస్టారు: చేస్తాడు, కానీ జీతం పోతుందన్న భయం అతనికి కాపు కాస్తుంది. ఆమెకు పోయేదేమీ లేదు; మాట తప్పినా అడిగేవారు లేని చోట మాట మీద నిలబడడమే ఆమె నేర్చుకున్నది.

విద్యార్థిని: అయితే డొక్కా సీతమ్మగారి సంగతేమిటి? లంకల గన్నవరంలో, గోదావరి వైనతేయ పాయ దాటి వచ్చే బాటసారులకు వేళకాని వేళ వండిపెట్టిన ఆ తల్లి టికెట్టు అడిగి ఉంటే సీతమ్మ అయ్యేదా?

మాస్టారు: మెలిక అక్కడే ఉంది. సీతమ్మగారు (1841–1909) వడ్డించింది తన ఇంటి అన్నం, దాని మీద సర్వాధికారం ఆమెది కాబట్టి ఎవరికి ఎంత పెట్టినా దానమే అవుతుంది. దుర్గాబాయి కాపలా కాసింది నలుగురి సొత్తు; దాన్ని ఉదారంగా పంచిపెట్టే హక్కు సేవకురాలికి ఉండదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజనానికి సీతమ్మగారి పేరు పెట్టింది గనుక ఈ రెండు ధర్మాలూ ఇప్పుడు ఒకే గిన్నె దగ్గర కలుస్తున్నాయి. గరిటె పట్టుకుని వడ్డించే నీ దగ్గరికి, పక్కింటి తమ్ముడు ఖాళీ పళ్లెం చాపి, "అక్కా, ఇంకో గుడ్డు" అంటే ఏం చేస్తావు?

విద్యార్థిని: తలకు ఒకటే లెక్క. వేస్తే వరస చివర నిలబడ్డ ఎవరికో ఉండదు, లేదంటే వాడి మొహం చూడలేం.

మాస్టారు: ఆ మొహం చూస్తూ లేదనడం ఒక చదువు, మర్నాడు సొంత డబ్బుతో కొని వాడికి పెట్టడం ఇంకొక చదువు. గిన్నెలోది తీసి పెడితే మాత్రం రెండూ రావు.

ఈ మాటలో మాస్టారు కాస్త కరుకుదనం చూపారనే చెప్పాలి. ఆకలి వేసిన పిల్లవాడికి న్యాయసూత్రం కడుపు నింపదు. అయినా ఆయన చూపిన తేడాను తేలిగ్గా కొట్టిపారేయలేము.

విద్యార్థిని: బడిలో పాఠం చెప్పే సేవ కూడా ఇంతేనా?

మాస్టారు: అది ఇంకా ఇబ్బందిపెడుతుంది. ఇంగ్లీషు మాధ్యమాన్ని నిరసించి చిన్నతనంలోనే బడి మానేసిన దుర్గాబాయి, బాలికల కోసం హిందీ పాఠశాల పెట్టి, తనకన్నా పెద్దవారికి కూడా అక్షరాలు నేర్పింది. ఆ గురువే తరవాత మళ్లీ విద్యార్థినిగా కూర్చుని మెట్రిక్ రాసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, మద్రాసు న్యాయకళాశాలలోనూ చదువుకుంది. ఎదుటివారికి చెప్పేటప్పుడే మనకు రానిదేదో తెలిసివస్తుంది. బోర్డు మీద భిన్నాలు కూడుతూ మధ్యలో ఆగిపోయినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

విద్యార్థిని: ఒక్క సందేహం మాస్టారూ. ఆ రోజు బడికి రాని పిల్లవాడి గుడ్డు మిగిలిపోతే?

మాస్టారు: హాజరుపట్టీ చూసి, హెడ్మాస్టరుగారిని అడుగు. ఆ తరవాత, వాడు ఎందుకు రాలేదో కనుక్కోవడానికి ఇంటికి వెళ్లు.