కుండకు గాడిద కారణమా?

ఒకదాని వెంట మరొకటి జరిగితే మొదటిదే రెండోదానికి కారణమని నమ్మడం మనసుకు అలవాటు. లినక్స్ సర్వర్‌లో రాత్రి అప్‌డేట్ నడిచింది, తెల్లారేసరికి వెబ్‌సైట్ ఆగిపోయింది. ఇంకేముంది, అప్‌డేటే చెడగొట్టిందని తేల్చేస్తారు. ఈ తొందరపాటును మన తార్కికులు ఏనాడో పట్టుకున్నారు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో, కార్యానికి ముందు నియమంగా ఉండేదాన్ని కారణమన్నాడు. తానే రాసిన దీపికా వ్యాఖ్యలో, అది అన్యథాసిద్ధం కాకూడదని మరో షరతు చేర్చాడు. ముందు ఉన్నా కార్యం పుట్టడానికి అక్కరలేనిదే అన్యథాసిద్ధం. నైయాయికులు దానికి చూపే ఉదాహరణ కుమ్మరి గాడిద. ఈ కుండకు మట్టి మోసింది ఆ గాడిదే కావచ్చు, కానీ మట్టి బండి మీద వచ్చినా కుండ తయారయ్యేది. ఆగిన సర్వర్ ముందు కూర్చున్నవారు మొదట అడగవలసింది కూడా ఇదే: అప్‌డేట్ ఇక్కడ కుమ్మరా, గాడిదా?

అపాచీ వెబ్ సర్వర్ తన కాన్ఫిగరేషన్ ఫైలును మొదలయ్యేటప్పుడు చదువుకుని, తరువాత మెమరీలో ఉన్నదానితోనే నడుస్తుంది. ఎవరో ఆ ఫైలులో ఒక పదం తప్పు రాసి, రీస్టార్ట్ చేయకుండా వదిలేస్తే ఆ తప్పు నెలల తరబడి బయటపడకపోవచ్చు. అప్‌డేట్ వచ్చి సర్వీసును రీస్టార్ట్ చేసిన రోజున అపాచీ లేవదు. కరెంటు పోయి వచ్చినా అంతే జరిగేది. ఇక్కడ అప్‌డేట్ గాడిదే. నింద దానిమీద వేస్తే జరిగే నష్టం చిన్నది కాదు. భయపడి అప్‌డేట్లు మానేసిన సర్వర్లలో తెలిసిన లోపాలు తెరిచిన తలుపుల్లా ఉండిపోతాయి. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు, సవరించిన లైబ్రరీ వేసుకోవడంతోనే పని అయిపోలేదు. పాత లైబ్రరీని మెమరీలో పట్టుకుని నడుస్తున్న సర్వీసులన్నిటినీ రీస్టార్ట్ చేయవలసి వచ్చింది.

అలాగని అప్‌డేట్ ఎప్పుడూ నిర్దోషి అని కాదు. 2018లో వచ్చిన లినక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 అక్షరక్రమాన్ని మార్చింది. అమెరికన్ ఇంగ్లీషు భాషా అమరికలో (లొకేల్‌లో) అంతకుముందు 11 తరువాత వచ్చే 1-1 ఇప్పుడు 11 కంటే ముందుకొచ్చింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సాధారణంగా ఆ లైబ్రరీ చెప్పిన క్రమంలోనే అక్షరాల ఇండెక్సులు కట్టుకుంటుంది. డెబియన్ లినక్స్ 9 నుంచి ఈ కొత్త లైబ్రరీ ఉన్న 10కి మారినవారి దగ్గర ఇండెక్సు పాత క్రమంలో ఉండిపోయింది, వెతుకులాట కొత్త క్రమంలో సాగింది. ఫలితంగా పట్టికలో ఉన్న రికార్డునే లేదని చెప్పవచ్చు, ఒకటే ఉండాల్సిన చోట రెండోదాన్ని రానివ్వవచ్చు. సర్వర్ మాత్రం ఆగదు, చాలాసార్లు ఎర్రర్ కూడా చూపదు. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఈ దోషం పుట్టదు, క్రమం మారితేనే పుడుతుంది. ఇక్కడ అప్‌డేట్ కుమ్మరే.

ఈ వాదనకు గట్టి ఆక్షేపణ ఒకటుంది. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లి చూస్తే సరిపోదా, సర్వర్ బాగుపడితే అప్‌డేటే కారణమని రుజువైనట్టే కదా, తార్కికులు చెప్పే వ్యతిరేకం (కారణం లేకపోతే కార్యమూ ఉండదని చూపడం) అంటే ఇదేగా? కాదు. వ్యతిరేకం నిలవాలంటే ఒక్కటే మారాలి, మిగతావన్నీ ఉన్నవున్నట్టే ఉండాలి. వెనక్కి వెళ్లడంలో ప్యాకేజీలు, ఫైళ్లు, రీస్టార్ట్ అన్నీ కలిసి మారిపోతాయి. బ్యాకప్ నుంచి పాత కాన్ఫిగరేషన్ ఫైలు కూడా తిరిగొచ్చి ఉంటే, బాగుచేసింది అదే కావచ్చు. జీలిబ్‌సీ విషయంలోనైతే వెనక్కి వెళ్లినా మొదటి స్థితి రాదు, ఎందుకంటే అప్‌డేట్ తరువాత చేరిన రికార్డులు అప్పటికే ఇండెక్సులో కొత్త క్రమంలో కూర్చున్నాయి. అర్ధరాత్రి సైట్ ఆగినప్పుడు ముందు దాన్ని లేపాలన్నది నిజమే, లేపనివ్వండి. కానీ లేచినంత మాత్రాన కారణం తెలిసిందని రికార్డులో రాసుకోకూడదు.

ఒకే కారణమనేది అసలు లేదు, ప్రతి కార్యమూ అనేక ప్రత్యయాల, అంటే తోడ్పడే పరిస్థితుల, కూడలి అని బౌద్ధులు అనవచ్చు. ప్రత్యయాలు ఎన్నయినా కానీ, ఏది మారిస్తే ఫలం మారుతుంది, ఏది మార్చినా మారదు అన్న తేడా అంతమాత్రాన చెరిగిపోదు. పనిచేసే చేతికి ఆ తేడాయే కావాలి. వెబ్ సర్వర్ విషయంలో కాన్ఫిగరేషన్ పరీక్ష తప్పును పంక్తి సంఖ్యతో సహా చూపిస్తుంది. డేటాబేస్‌కు ఇండెక్సులు తిరిగి కట్టాలి. అప్పటికే ఒకే విలువతో రెండు రికార్డులు చేరి ఉంటే ఏకత్వం కోరే ఇండెక్సును కట్టడం కుదరదు. ఆ రెంటిలో ఏది నిలవాలో డేటాబేస్ చెప్పలేదు; అవి ఎవరి వివరాలో, ఎప్పుడు ఎలా చేరాయో తెలిసిన మనిషే కూర్చుని తేల్చాలి.