దుఃఖానికి అక్షరక్రమం

ఒక మహానగరం భస్మమైపోయిన తరువాత, ఆ శోకాన్ని వర్ణమాల వరుసలో కూర్చి పాడటం ధర్మమేనా? ప్రాచీన హీబ్రూ వాఙ్మయంలో, తెలుగు బైబిలు ‘విలాపవాక్యములు’ అని పేర్కొనే చిన్న గ్రంథాన్ని శ్రద్ధతో చదివేవారికి ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు.

క్రీ.పూ. 587–586 ప్రాంతంలో బాబిలోను సేనలు యెరూషలేమును పట్టుకొని, ఆలయాన్ని దహించి, జనులను చెరగొనిపోయాయి. గ్రంథంలోని అయిదు గీతాలూ ఆ వినాశాన్ని గురించినవే. హీబ్రూ అక్షరాలు 22. మొదటి, రెండవ, నాలుగవ గీతాలలో 22 చరణాల చొప్పున ఉన్నాయి. ఒక్కొక్క చరణం వరుసగా ఒక్కొక్క అక్షరంతో ప్రారంభమవుతుంది. మూడవ గీతంలో అక్షరానికి మూడేసి, మొత్తం 66. అనువాదంలో ఈ క్రమం నిలవదు. తెలుగు పాఠకునికి మిగిలేది చరణాల సంఖ్య మాత్రమే.

అక్షరమాలా స్తోత్రాలు మనకు కొత్త కావు. అయితే స్తుతిలో ఆ నియమం అలంకారం. ఆకలిచావుల నడుమ కూడా దానిని తప్పని కవిని చూసినపుడు కలిగేది మెచ్చుకోలు కాదు, ఒక విధమైన జంకు.

నాలుగవ గీతంలోని పదవ చరణాన్ని చూడండి. పదవ అక్షరం ‘యోద్’. దానితో మొదలయ్యే మాట ‘చేతులు’. వాత్సల్యం గల స్త్రీల చేతులే, ముట్టడినాటి ఆకలికి, కన్నబిడ్డలను వండుకొన్నాయని ఆ చరణం చెబుతుంది. యోద్ అనే పేరు కూడా చేతిని తెలిపే మాటకు సంబంధించినదే. స్త్రీలకంటె ముందుగా వారి చేతులను నిలిపినది కవి హృదయమా, అక్షర నిర్బంధమా? తేల్చి చెప్పలేము. కాని నియమం లేని కవి ఈ సంగతిని తలచుకోలేక దాటిపోయి ఉండేవాడేమో. పదవ అక్షరం వచ్చి నిలిచింది. దాని వంతు చెప్పక తప్పలేదు.

రాబర్ట్ లోత్ 1753లో హీబ్రూ కవిత్వంలోని సమాంతర వాక్యరీతిని వివరించాడు. కార్ల్ బుడ్డే 1882లో ఈ విలాపాల నడకను గుర్తించాడు: పూర్వార్ధంలో మూడు ఊనికలు, ఉత్తరార్ధంలో రెండు. వాక్యం నిండకుండానే కుంటుతుంది. ఇటువంటి లెక్కలు పవిత్ర గ్రంథాన్ని శవపరీక్షకు పెట్టడమేనని కొందరు భక్తులు బాధపడతారు. ఆ బాధ తేలికగా తీసివేయదగినది కాదు. ఊనికలు లెక్కించే కన్ను బిడ్డలను చూడకపోవచ్చు. అయినా ఈ లెక్క తెలియనివాడు అయిదవ గీతంలో జరిగినదానిని గమనించలేడు.

అక్కడా చరణాలు ఇరవై రెండే. అక్షరక్రమం మాత్రం లేదు. నాలుగు గీతాలపాటు దుఃఖాన్ని మోసిన నియమం చివరకు తన కొలతను మాత్రమే నిలుపుకొని, వరుసను విడిచింది. కవి అలసిపోయాడని నాకు తోస్తుంది. పండితులు వేరే కారణాలు చెప్పవచ్చు.

యూదులు ఆలయ వినాశాన్ని స్మరించే ఆబ్ మాసం తొమ్మిదవనాడు ఈ గ్రంథాన్ని చదువుతారు. దాని చివరి చరణం దేవుని తిరస్కారాన్ని గురించినది. ఆ మాటతో ముగించడానికి మనసొప్పక, దాని ముందున్న ప్రార్థనా చరణాన్ని తిరిగి పఠిస్తారు. గ్రంథపాఠంలో మాత్రం ఆ చివరి చరణం ఇరవై రెండవదిగా తన స్థానంలోనే ఉన్నది.