వంశం అడగని యాజకత్వం

కెనడా బాప్తిస్టు మిషన్ వాళ్లు 1882లో సామర్లకోటలో తెలుగు బోధకుల కోసం ఒక సెమినరీ తెరిచారు. దాన్ని మొదలుపెట్టింది జాన్ మెక్‌లారిన్ దొరగారు. కాకినాడలో ఆయన పేరుతో హైస్కూలు ఉంది. పంచారామాల్లో ఒకటైన కుమారారామం వెలసిన ఊరు సామర్లకోట. శతాబ్దాలుగా మంత్రఘోష విన్న ఆ ఊళ్లో మాలపల్లెల నుంచి, మాదిగ గూడేల నుంచి వచ్చిన కుర్రాళ్లు కూర్చుని లేఖనాలు చదివారు. వాటికి అర్థం చెప్పడం నేర్చుకున్నారు. వాళ్ల తాతలను పలక కూడా ముట్టనివ్వలేదు. చదువు ముగించుకుని డెల్టా పల్లెలకు బోధకులై వెళ్లినప్పుడు, వాళ్లను ఎవరూ ‘మీది ఏ వంశం?’ అని అడిగి ఆ పనికి పంపలేదు. క్రైస్తవ విశ్వాసంలో యాజకత్వం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

పాత నిబంధనలో యాజకుడు కావాలంటే వంశం ఉండాల్సిందే. లేవి గోత్రం, అందులోనూ అహరోను సంతానం. ఉజ్జియా అంతటి రాజు ధూపం వేయబోతే యాజకులు అడ్డుకున్నారు, ఆయన నుదుట కుష్ఠు పుట్టింది. బబులోను చెర నుంచి తిరిగొచ్చినవారిలో కొందరికి తమ వంశావళి పత్రాలు దొరకలేదు. వెంటనే వాళ్లను యాజకసేవ నుంచి తప్పించారని ఎజ్రా గ్రంథం చెబుతుంది. కాగితం లేదు, కాబట్టి సేవ లేదు.

మరి యేసు? ఆయన యూదా గోత్రికుడు. ఆ గోత్రంలో యాజకుడన్నవాడే లేడు. హెబ్రీయులకు రాసిన పత్రిక ఈ చిక్కును దాచిపెట్టదు, ఎదురుగా పెట్టుకునే మాట్లాడుతుంది. ఆదికాండంలో అబ్రాహాముకు రొట్టె, ద్రాక్షారసం తెచ్చి దీవించిన షాలేము రాజు మెల్కీసెదెకును గుర్తుచేస్తుంది. ఆయన తండ్రి ఎవరో, తల్లి ఎవరో లేఖనం చెప్పదు. అయినా అబ్రాహాము ఆయనకు దశమభాగం ఇచ్చాడు. క్రీస్తు ఆ క్రమంలో యాజకుడయ్యాడని ఆ పత్రిక వాదం. పుట్టుక వల్ల కాక, నశించని జీవశక్తి వల్ల వచ్చిన పదవి అది. గోదావరి డెల్టాలో ఈ పత్రిక చదివిన తొలితరం విశ్వాసులకు ఇది పొడి వేదాంతంగా తోచి ఉండదని నా నమ్మకం.

వంశం సంగతి అలా ఉంచి, యాజకుడు చేసే పనేమిటో చూద్దాం. నిర్గమకాండం 28వ అధ్యాయంలో ప్రధానయాజకుడి దుస్తుల వివరం ఉంది. చాలామంది ఆ పేజీలు గబగబా దాటేస్తారు. ఆయన రెండు భుజాల మీద రెండు రాళ్లు, ఒక్కొక్క రాతి మీద ఆరేసి పేర్లు. రొమ్ము మీది పతకంలో పన్నెండు రత్నాలు, ఒక్కో రత్నం మీద ఒక్కో గోత్రం పేరు. పరిశుద్ధ స్థలంలోకి వెళ్లిన ప్రతిసారీ ఆయన ఆ పేర్లు మోసుకునే వెళ్లాలి. ఆ పేర్లు ఎవరివి? తమ్ముడు యోసేపును గోతిలో తోసి, అమ్మేసిన అన్నలవీ అందులో ఉన్నాయి. షెకెములో కత్తి దూసిన షిమ్యోను పేరు ఉంది. మంచివాళ్లను ఏరి చెక్కించిన జాబితా కాదది. యాజకుడికి నచ్చినా నచ్చకపోయినా ఆ భారం ఆయన భుజాలదే, ఆ పేర్ల చోటు ఆయన గుండె మీదే.

అరణ్యంలో తెగులు చెలరేగిన రోజున అహరోను ధూపార్తి పట్టుకుని పరుగెత్తాడు. చచ్చినవాళ్లకూ బతికున్నవాళ్లకూ మధ్య నిలబడ్డాడు, తెగులు ఆగింది. ఆ తెగులు తగిలింది ఎవరికి? అంతకు ముందే ఆయన మీద, మోషే మీద సణిగిన జనానికి. అహరోను జీవితంలో బంగారు దూడ మచ్చ ఉంది, నిజమే. కానీ ఈ ఒక్క గడియలో యాజకత్వం మొత్తం కనిపిస్తుంది.

క్రైస్తవులు ఈ రెండు చిత్రాలనూ సిలువ దగ్గరికి తెచ్చి చూస్తారు. అక్కడ యాజకుడూ క్రీస్తే, బలీ ఆయనే. ఆ గడియలో దేవాలయపు తెర పైనుంచి కిందికి చిరిగిందని మత్తయి రాశాడు. అర్పణ ఒక్కసారే జరిగింది. విజ్ఞాపన మాత్రం ఆగలేదు. తనవారి కోసం వేడుకోవడానికే ఆయన నిత్యం జీవిస్తున్నాడని హెబ్రీ పత్రిక అంటుంది.

అందుకే పేతురు తన మొదటి పత్రికలో విశ్వాసులందరినీ కలిపి యాజకులన్నాడు. అదే అధ్యాయంలో కొన్ని వచనాలు దాటాక కఠినులైన యజమానుల కింద పనిచేసే ఇంటి సేవకులతో మాట్లాడతాడు. అంటే ఆ యాజకసమూహంలో దాసులూ ఉన్నారు.

విశ్వాసులందరి ఈ యాజకత్వాన్ని సంఘాలు ఒక్కోలా ఆచరించాయి. 1836లో మన దేశానికి వచ్చి నరసాపురం ప్రాంతంలో సేవ చేసిన బౌడెన్, బీర్ దొరల బ్రదరన్ సంఘాల్లో అభిషిక్త గురువులే ఉండరు, సహోదరులే రొట్టె విరుస్తారు. రాజమండ్రి లూథరన్లకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1520లోనే బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరూ యాజకులేనన్నాడు, అయినా బోధకుడి పదవిని ఉంచాడు. కథోలికులు గురుపట్టాన్ని ప్రత్యేక సంస్కారంగా కాపాడుకున్నారు. 1964లో రెండో వాటికన్ సభ, విశ్వాసులందరి యాజకత్వమూ గురువుల యాజకత్వమూ వేర్వేరైనా రెండూ క్రీస్తు యాజకత్వంలో పాలుపొందేవేనని తేల్చి చెప్పింది. ఈ తేడాలు చిన్నవి కావు. కానీ ఎవరి దగ్గరా వంశావళి పత్రం పనికిరాదు. 2013లో నంద్యాల అధ్యక్ష ఖండానికి ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, దక్షిణ ఇండియా సంఘంలో ఆ స్థానానికి వచ్చిన తొలి మహిళ ఆమే. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు, దళితుల నుంచి ఆ స్థానం చేరిన మొదటివారు.

పదవి చూసుకోకుండా ఈ యాజకసేవ చేసినవాళ్లూ ఉన్నారు. మెక్‌లారిన్ 1874లో కాకినాడలో అడుగుపెట్టకముందే అక్కడ టెలిగ్రాఫ్ ఉద్యోగం వదులుకున్న తెలుగువాడు థామస్ గాబ్రియేల్ సువార్త చెబుతున్నాడు. కెనడా వాళ్లను రమ్మని పిలిచిందీ ఆయనే. వాళ్లు వచ్చిన ఏడాదిలోపే కన్నుమూశాడు. ఊరూరా తిరిగి గడపల్లో కూర్చుని వాక్యం చదివి వినిపించిన బైబిల్ స్త్రీల పేర్లు చాలావరకు ఎక్కడా మిగల్లేదు.

ఇంత పోరాడి వదిలించుకున్న వంశాన్ని ఇప్పుడు మనమే మళ్లీ తెచ్చుకుంటున్నాం. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు అన్నట్టు కొన్నిచోట్ల ప్రసంగపీఠం ఆస్తిలా చేతులు మారుతోంది. అయ్యగారు తలమీద చెయ్యి పెడితేనే దేవుడు వింటాడనే భయాన్ని కొందరు పెంచి పోషిస్తున్నారు. చిరిగిన తెరను మళ్లీ కుట్టడమే ఇది. తప్పు వాళ్లది మాత్రమే కాదు. మన ప్రార్థనంతా ఒక మనిషికి అప్పజెప్పి, కానుక కవరు ఇచ్చి, చేతులు దులుపుకున్నదీ మనమే. అయినా ఆసుపత్రి వార్డులో అర్ధరాత్రి దాకా కూర్చునే, చావింట్లో అందరూ వెళ్లాక కూడా ఉండే పాస్టర్లు, ఫాదర్లు మన మధ్య ఎందరో ఉన్నారు. వాళ్ల భుజాలూ నొప్పి పుడతాయి.

ఈ ఆదివారం ఆరాధనకు వెళ్లేముందు మీ వీధిలో నలుగురి పేర్లు రాసుకోండి. మీతో మాట తెగిపోయినవారి పేరు అందులో తప్పక ఉండాలి. వారమంతా ఆ పేర్లు పలికి ప్రార్థించండి, వీలైతే వాళ్ల గుమ్మం దాకా వెళ్లండి. మీ అయ్యగారి పేరు కూడా చేర్చండి. అందరి కోసం ప్రార్థించే ఆయన కోసం ప్రార్థించేవాళ్లు తక్కువ.