తాడు పట్టుకొన్నవాడు

ప్రమాదములో పడిన తోటి పనివానిని కాపాడుటకు నేను కూడ ఆ గోతిలోనికి దిగవలెనా? మనలో చాలామంది తడుముకోకుండా "దిగవలసినదే" అంటారు. కాస్త నిలిచి ఆలోచింతము.

2015 నవంబరు 26న కేరళలోని కోజికోడ్‌లో మన ఆంధ్రప్రదేశ్ నుండి పనికి వెళ్లిన ఇద్దరు కూలీలు మురుగు కాలువ మ్యాన్‌హోల్‌లో విషవాయువుకు స్పృహ తప్పారు. దగ్గరలోనున్న నౌషాద్ అనే ఆటో డ్రైవరు వారిని పైకి తీయుటకు దిగాడు. ముగ్గురూ చనిపోయారు. వారు అతనికి చుట్టములు కారు, భాష వేరు. అతనిని తలంచుకొన్నప్పుడు చేతులు జోడించుట తప్ప వేరే మాట నాకు రాదు.

2017 మార్చిలో మన బెంగళూరులోనే, సి.వి. రామన్ నగర్ ప్రాంతములో, ఒక మ్యాన్‌హోల్ దగ్గర ముగ్గురు చనిపోయారు. వారిలోను ఆంధ్ర నుండి వచ్చినవారున్నారు. ఒకరు పడితే ఇద్దరు ముగ్గురు పోవుట ఈ పనిలో తరచుగా జరిగేదే. అమెరికాలో పనివారి భద్రతను పరిశోధించే జాతీయ సంస్థ 1986లో ఒక హెచ్చరిక ప్రచురించింది. ఇటువంటి మూసిన స్థలములలో చనిపోయినవారిలో నూటికి 60 మందికి పైగా కాపాడబోయినవారేనట.

ఎందుకిట్లు? పంతులు బుద్ధి గనుక కాస్త పాఠము చెబుతాను. మనము పీల్చే గాలిలో ప్రాణవాయువు నూటికి దాదాపు 21 పాళ్లు. 19.5కు తగ్గితేనే అది ప్రమాదమని లెక్క. ఇక మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెమున్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. "వాసన పోయింది, ఇక ఫరవాలేదు" అని దిగినవాడు మరి రెండు మూడు ఊపిరులు తీయకముందే పడిపోవచ్చును. రెండవవాని మంచితనమునకు ఆ గాలి దారి ఇవ్వదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 36వ సెక్షనులో దీనిని గూర్చి ఒక చక్కని ఏర్పాటుండేది. విషవాయువు ఉండదగిన తొట్టిలోనికి మనిషి దిగవలెనంటే, తెలిసినవాడు గాలిని పరీక్షించి వ్రాతమూలకముగా చెప్పవలెను. లేదా దిగేవానికి శ్వాస పరికరము, నడుముకు పట్టీ, పట్టీకి తాడు ఉండవలెను. ఆ తాడు రెండవ కొన బయటనున్న ఇంకొకని చేతిలో ఉండవలెను. ఆ రెండవవాని పని ఏమిటి? నిలబడుట. లోపలివాడు కూలితే లాగుట. ఏమి జరిగినను తాను దిగకుండుట. చూచేవారికి ఇది కఠినహృదయమువలె ఉంటుంది. కాని అతడు కూడ దిగితే లాగేవాడెవడు? నన్నడిగితే, దూకుట కంటె అక్కడ నిలబడుటకే ఎక్కువ ధైర్యము కావలెను.

అదే చట్టము 111వ సెక్షనులో పనివానిమీద కూడ బాధ్యత పెట్టింది. రక్షణ సాధనమును పాడుచేయరాదు, ఇచ్చినదానిని వాడకుండ మానరాదు, తనకుగాని ఇతరులకుగాని అపాయము తేరాదు. తప్పితే మూడు నెలల వరకు జైలు, నూరు రూపాయల వరకు జరిమానా ఉండేవి. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన 2020 నాటి కొత్త కోడ్ కూడ ఇంచుమించు ఇదే చెబుతుంది: నీవు చేసినదానివలననే కాదు, చేయక విడిచినదానివలన ఎవరికి హాని రావచ్చునో వారిని గూర్చి కూడ జాగ్రత్తపడుము, అపాయము కనబడితే పైవారికి తెలియజేయుము.

"నా ఒళ్లు, నా ఇష్టము" అనేవారున్నారు. మన తమ్ముళ్లు కొందరు హెల్మెట్ పక్కన పెట్టి "దేవుడే చూచుకొంటాడు" అంటారు. అది విశ్వాసమని నేననుకోను, బద్ధకమునకు మంచి పేరు పెట్టుటయే. నీవు కూలితే నీ పక్కవాడు ఊరకుండడు. నీ ఇష్టము అతనిని కూడ లోనికి లాగుతుంది.

ఐతే ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న ఉన్నది, దానిని దాటిపోరాదు. "దిగను" అంటే రేపటినుండి పనికి రావద్దంటారని తెలిసిన దినకూలీకి బాధ్యత బోధించుట న్యాయమేనా? కొత్త కోడ్ సాధారణముగా పదిమందికి తగ్గకుండ పనివారున్న చోట్లకే. ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకొని తిరిగే మేస్త్రీ పని దానికి అందదు. "వద్దు" అనే శక్తి ఎవనికెంత ఉన్నదో వాని బాధ్యత అంత అని నా అభిప్రాయము. ప్రమాదము జరిగిన తరువాత "వాడే దిగాడండీ, మేము దిగమనలేదు" అనే మాట వినబడుతుంది. తాడు, పరికరము చేతికిచ్చి ఉంటే ఆ మాటకు కొంత విలువ ఉండేది. 2013 నాటి చట్టము తగిన రక్షణ ఇవ్వకుండ మనుషులచేత మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రము చేయించుటను నిషేధించింది. ఆ నిషేధము పని పురమాయించినవాని మీదనే. మొదటిసారి తప్పుకు రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా. చనిపోయినవాని కుటుంబమునకు 30 లక్షలు ఇవ్వవలెనని 2023 అక్టోబరులో సుప్రీము కోర్టు చెప్పింది.

పురమాయించేవారెవరు? మన సంఘములలో సైటు ఇంజనీర్లున్నారు, గార్మెంట్స్‌లో సూపర్‌వైజర్లున్నారు, అపార్టుమెంటు కమిటీలలో కార్యదర్శులున్నారు. నెల జీతగాళ్లమైన మనకు "వద్దు" అనుట కూలీకంటె ఎంతో సులువు. ట్యాంకు నిండి పొర్లుచున్న శనివారమునాడు, బకెట్టు పట్టుకొని వచ్చిన మనిషితో మనము బేరమాడేది దేనిని గూర్చి? ఐదు వందలు తగ్గించుటను గూర్చి. యంత్రమెక్కడ, గాలి చూచే మీటరెక్కడ, తాడు ఎవరు పట్టుకొంటారు అని అడుగము. అడిగి, జవాబు లేకపోతే పని ఆపితే మనకు కలిగే నష్టమేమి? ఒకటి రెండు రోజుల దుర్వాసన, మీటింగులో నాలుగు మాటలు.

ఎక్కడైనను మనిషి లోపల పడిపోయినట్లు చూస్తే, తాడు ఉంటే బయటనుండియే లాగండి. అగ్గిపుల్ల వెలిగించి లోనికి చూడవద్దు, మీథేన్ మండుతుంది. 101కో 112కో ఫోను చేసి, మొదటి మాటలోనే "గ్యాసు" అని చెప్పండి. శ్వాస పరికరములు కావలెనని వారికి అప్పుడే తెలుస్తుంది. వారు వచ్చువరకు, దిగబోయే రెండవవాని చెయ్యి పట్టుకొని ఆపండి. అతడు మిమ్మును తిట్టవచ్చును.