గైడు చదివి ఓటెయ్యి నాన్నా

బ్యాలెట్ చేతికి రాగానే ముందు వాట్సాప్ తెరుస్తావు చూడు, అక్కడే నాకు నీ మీద కాస్త కోపం. మనవాళ్ళ గ్రూపులో ఎవరో పెట్టిన జాబితా ఉంటుంది, ఫలానా ప్రాపొజిషన్‌కు యెస్, ఫలానాదానికి నో అని. ఫోను పక్కన పెట్టుకుని, అది చూస్తూ గళ్ళు నింపేసి, కవరు అంటించి, పనైపోయిందనుకుంటావు. నీ మనసు మంచిదే, కాదనను. అసలు ఓటే వెయ్యనివాళ్ళకన్నా నువ్వు నయం. కానీ ఎందుకమ్మా అంత తొందర?

మన ఊళ్ళో ఓటంటే మనిషికో, పార్టీ గుర్తుకో వేసేది. బాగా చెయ్యకపోతే ఐదేళ్ళకు దించేస్తాం. కాలిఫోర్నియాలో ఈ ప్రాపొజిషన్ల సంగతి వేరు, ఇవి చట్టాల మీదే నేరుగా ఓటు అడిగే ప్రతిపాదనలు. ఇక్కడ ఆ గళ్ళ ముందు కూర్చున్నంతసేపూ శాసనసభ నువ్వే. రైలు కంపెనీ రాష్ట్ర రాజకీయాన్ని గుప్పిట్లో పెట్టుకున్న కాలంలో, హైరం జాన్సన్ గవర్నరుగా ఉండగా, 1911లో ఓటర్లు తెచ్చుకున్న హక్కు ఇది. ప్రజలే చట్టం చెయ్యచ్చు, శాసనసభ చేసినదాన్ని ఆపనూవచ్చు. అయితే ప్రజలు తెచ్చిన చట్టాన్ని, అందులోనే వీలు రాసి ఉంటే తప్ప, శాసనసభ తనంతట తాను మార్చలేదు. మళ్ళీ ఓటర్ల దగ్గరికే రావాలి. ఆవకాయలో ఉప్పు కొలత తప్పితే ఏడాదంతా అదే తింటాం. ఇది ఏడాదితో పోయేది కూడా కాదు. అందుకే తొందరపడకు అంటున్నా.

ఫ్రీమాంట్‌లోనో శాన్ రమోన్‌లోనో అప్పుచేసి ఇల్లు కొన్నావు కదా. పక్కింటి పెద్దాయన ఎప్పుడో 1980ల్లో కొనుక్కున్నాడనుకో. ఇళ్ళు రెండూ ఒకే నమూనా. ఆస్తి పన్ను మాత్రం ఆయనదెక్కడ, నీదెక్కడ! 1978 జూన్‌లో ఓటర్లు నెగ్గించిన ప్రాప్ 13 వల్ల వచ్చిన తేడా అది. పన్ను లెక్క కొన్న ధర మీద మొదలవుతుంది, మూల పన్ను అందులో 1 శాతం, ఆపైన ఆ విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు. పింఛను మీద బతికే పెద్దవాళ్ళు ఇల్లు నిలబెట్టుకున్నారంటే దాని చలవే. కొత్తగా కొన్న నువ్వు ఎక్కువ మోస్తున్నావంటే అదీ దాని ఫలితమే. ఆ రోజు ఓటేసినవాళ్ళలో ఎంతోమంది ఇప్పుడు లేరు, వాళ్ళ ఓటు మాత్రం ఇవాళ్టికీ నీ పన్ను బిల్లులో ఉంది. వ్యాపార ఆస్తుల వరకైనా మారుద్దామని 2020లో ప్రాప్ 15 తెచ్చారు, నెగ్గలేదు. అదే బ్యాలెట్ మీద ప్రాప్ 19 మాత్రం 51 శాతం చిల్లరతో గట్టెక్కింది. దానివల్ల అమ్మానాన్నల ఇల్లు పిల్లలకు వచ్చినప్పుడు, పిల్లలు అందులో కాపురం ఉంటేనే పాత పన్ను లెక్క నిలుస్తుంది, దానికీ ఓ పరిమితి ఉంది. బిడ్డకు ఇల్లు రాసిద్దామనుకునే ప్రతి ఇంట్లోనూ కూర్చుని చదవాల్సిన సంగతి కాదూ అది?

రాష్ట్రం ఇంటికి పంపే ఓటర్ గైడు లావుగా ఉంటుంది, నిజమే. 2016లో ఒకే బ్యాలెట్ మీద 17 ప్రాపొజిషన్లు వచ్చాయి. మొత్తం చదవమని నేను అనను. ఒక్కోదానికీ యెస్ అంటే ఏమవుతుంది, నో అంటే ఏమవుతుంది అని నాలుగు వాక్యాల్లో రాస్తారు, అది చదువు. తర్వాత శాసనసభకు లెక్కలు చూసిపెట్టే లెజిస్లేటివ్ ఎనలిస్ట్ వేసిన ఖర్చు లెక్క చూడు. 2024లో ప్రాప్ 2 బడులు బాగుచెయ్యడానికి వెయ్యి కోట్ల డాలర్ల బాండ్లు అడిగింది. బడికి డబ్బంటే ఎవరు కాదంటారు? కానీ అది అప్పు నాన్నా. 35 ఏళ్ళపాటు ఏటా 50 కోట్ల డాలర్ల దాకా తీర్చాలని ఆ పుస్తకంలోనే రాశారు. తెలిసి యెస్ అంటే సంతోషం. తెలియకుండా అనకు.

డబ్బెవరు పెడుతున్నారో కూడా చూసుకో. షాపు బయట నిలబడి సంతకం అడిగే కుర్రాడికి చాలాసార్లు సంతకానికింత అని కూలి ముడుతుంది. 2020లో ఊబర్, లిఫ్ట్, డోర్‌డ్యాష్ లాంటి కంపెనీలు ప్రాప్ 22 కోసం 20 కోట్ల డాలర్లకు పైగా పోశాయి. తమ డ్రైవర్లను ఉద్యోగులుగా కాక కాంట్రాక్టర్లుగా ఉంచుకోవడానికి. నెగ్గింది. దాన్ని సవరించాలంటే శాసనసభలో ఎనిమిదింట ఏడు వంతుల మంది ఒప్పుకోవాలని అందులోనే రాసిపెట్టుకున్నారు. టీవీలో కనిపించిన ప్రకటనల్లో ఈ ముక్క నీకు ఎవరు చెబుతారు? గైడు చివర ఉండే అసలు పాఠంలోనే దొరుకుతుంది.

అర్థంకాకపోతే అన్నిటికీ నో కొట్టెయ్యమనేవాళ్ళున్నారు. ఆ మాట వినకు. శాసనసభ చేసిన చట్టాన్ని ఆపడానికి తెచ్చిన ఓటైతే, ఆమధ్య దాకా యెస్ అంటే చట్టం నిలిచేది, నో అంటే పోయేది. 2016లో ప్లాస్టిక్ సంచుల నిషేధం ఉండాలనుకున్నవాళ్ళు ప్రాప్ 67కు యెస్ అనాల్సి వచ్చింది. తొందరలో తిరగేస్తే నువ్వు కోరినదానికి నువ్వే అడ్డు. తెలియనిదాన్ని ఖాళీగా వదిలెయ్యి, మిగతా ఓట్లు చెల్లుతాయి. ఖాళీ గడి చూసి సిగ్గుపడక్కర్లేదు.

మొగుడూ పెళ్ళాం బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోండి, వాదించుకోండి కూడా, కానీ ఎవరి గడి వాళ్ళే నింపండి. గ్రీన్‌కార్డు మీదున్న మీ అమ్మకు ఓటు లేదు, హెచ్1బీ మీదున్న మీ తమ్ముడికీ లేదు. అద్దె, బడి, ఆసుపత్రి మీద నువ్వు చేసే చట్టం వాళ్ళకూ వర్తిస్తుంది. వాళ్ళనూ ఒక మాట అడుగు.

బ్యాలెట్ నెల ముందే ఇంటికొస్తుంది. రోజుకొకటి చదివినా టైము చాలుతుంది. ఎన్నిక రోజు దాటకుండా పోస్టు ముద్ర పడాలి. పంపేముందు కవరు మీద సంతకం పెట్టావో లేదో చూసుకో నాన్నా.