ఎండలో మాడటం ఆరాధన కాదు



దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి ప్రసంగిస్తూ, ఒక వ్యక్తి నిలబడి ఉండటం గమనించి విషయమేమిటని అడిగారు. అతని పేరు అబూ ఇస్రాయీల్ అనీ, ఉపవాసముంటూ, కూర్చోకుండా, నీడకు పోకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటానని మొక్కుకున్నాడనీ అనుచరులు తెలిపారు. అతణ్ణి మాట్లాడమనీ, నీడకు వెళ్ళి కూర్చోమనీ, ఉపవాసం మాత్రం పూర్తి చేయమనీ ఆయన ఆదేశించారు. ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది.

ఉపవాసం అల్లాహ్ నేర్పిన ఆరాధన, అందుకే అది నిలిచింది. ఎండలో మాడటం మనిషి తనకు తాను కల్పించుకున్న కష్టం, అందుకే అది రద్దయింది.

ఈ హదీసు అవసరం నేడు మరీ పెరిగింది. బొగ్గు, పెట్రోలు విపరీతంగా మండించటం వల్ల భూమి వేడెక్కుతోంది. మానవుల చేతి పనుల మూలంగానే నేలపైనా, నీటిలోనూ సంక్షోభం ఏర్పడుతుందని సూరా రూమ్ 41వ ఆయతు హెచ్చరిస్తోంది. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వెయ్యిమందికి పైగా మరణించారు. 2024 జూన్‌లో హజ్ రోజుల్లో మక్కాలో ఉష్ణోగ్రత 51 డిగ్రీలు దాటింది. ఆ హజ్‌లో 1,301 మంది చనిపోయారనీ, వారిలో 83 శాతం మంది అనుమతి లేకుండా వచ్చి, నీడా వసతీ లేక ఎండలో చాలా దూరం నడిచినవారేననీ సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. అల్లాహ్ వారందరినీ కరుణించుగాక!

మన శరీరం చెమట ఆరటం ద్వారా చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు, గుండె, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మాట తడబడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒంటిని నీళ్ళతో తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు జుహర్ నమాజును కాస్త చల్లబడే వరకు ఆలస్యం చేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. రోగులూ, ప్రయాణికులూ ఉపవాసాలను తర్వాత పూర్తి చేసుకోవచ్చని సూరా బఖరా అనుమతిస్తోంది. అయినా షుగరు, బీపీ మందులు వాడుతూ, వైద్యుడు వద్దన్నా వినకుండా, “ప్రాణం పోయినా రోజా వదలను” అనే పెద్దలు మన ఇళ్ళలో ఉన్నారు. వారికి ప్రేమగా నచ్చజెప్పండి. ఆజ్ఞ ఇచ్చిన ప్రభువే రుఖ్సత్ (సడలింపు) కూడా ఇచ్చాడు. దాన్ని స్వీకరించటం బలహీనత కాదు, విధేయతే.

అయితే సడలింపు మనకొక్కరికేనా? మన ఇంటి స్లాబు పోసే కూలీలను మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి, మనం మాత్రం ఫ్యాను కింద జుహర్ ఆలస్యంగా చేసుకుంటే ఆ హదీసు నుండి నేర్చుకున్నదేమిటి? వారి పనిని ఉదయం, సాయంత్రాలకు మార్చండి, కూలి మాత్రం తగ్గించకండి. ఏ దానం శ్రేష్ఠమని హజ్రత్ సాద్ బిన్ ఉబాదా (రజి) అడిగినప్పుడు, నీరని దైవప్రవక్త సెలవిచ్చారు. ఆయన తన దివంగత మాతృమూర్తి పేరిట బావి తవ్వించారు. మన వాకిట్లో ఒక చల్లని కుండ పెట్టలేమా? మధ్యాహ్నం వేళ మస్జిదు వరండాలో బాటసారికి, అతడు ఏ మతస్థుడైనా సరే, కాస్త నీడ ఇవ్వలేమా?

తన నీడ తప్ప మరే నీడా ఉండని ఆ రోజున అల్లాహ్ మనందరికీ తన నీడలో చోటు ప్రసాదించుగాక! ఆమీన్.