తాబేటి కన్నీరు



కీర్తన 104:25లో సముద్రజీవుల మాట చదివితిరి గదా. జనవరి మొదలుకొని మన ఇసుకలో గ్రుడ్లు పెట్టవచ్చు తాబేటిని చూచి, ఏడ్చుచున్నదని కొందరందురు. అది దుఃఖము కాదు. కంటియొద్దనున్న గ్రంథి దాని దేహమందలి అధికమైన ఉప్పును వెలుపలికి త్రోయుచున్నది. సముద్రపక్షులకైతే ఆ ఉప్పునీరు ముక్కునుండి కారును; తిమింగలమునకు మూత్రపిండములే ఆ పని చేయును.

కాళ్లు తెడ్లవలె మారినను, తాబేటికి మొప్పలు రాలేదు. ఊపిరికి పైకి రావలెను. వలలో చిక్కి రాలేనియెడల నీటిలోనే చచ్చును. వేటకు పోవు మీకు ఇది నాకంటె బాగుగ తెలియును.

మొన్న మన సంఘస్థుడొకడు తన వల కోసి, ఒక తల్లి తాబేటిని విడిచెను. దాని కడుపున నూరు గ్రుడ్లుండవచ్చును. అతని యింట ఆ వల తప్ప వేరు ఆధారము లేదు. ఆదివారము ఆరాధన పిమ్మట ఆ వల సంగతి మాటలాడుకొందము. నూలు, దబ్బనము తెచ్చుకొనుడి.